నారింజాకు దొంగ

సామర్లకోటలో రైల్వే గేటు దగ్గర ఒక డాబా ఇంటి పై వాటాలో కస్తూరి అనే ఆవిడ ఉండేది. మనిషి మంచిదే గాని, ఇంట్లో ఏది కనపడకపోయినా ముందు పక్కవాళ్లని అనుమానించేది.

చెంచా కనపడకపోతే పనిమనిషి తీసిందనేది. పాలు విరిగితే పాలవాడు నిన్నటి పాలు పోశాడనేది. ఆ చెంచా చివరికి తన చింతపండు జాడీలోనే దొరికేది. అప్పుడు మాత్రం కస్తూరి నోరు మెదిపేది కాదు. చెంచా కడిగి గూట్లో పెట్టుకునేది, అంతే. భర్త శ్రీహరి బస్సు డిపోలో పని చేసేవాడు. ఒక్కతే కూతురు వకుళ ఐదో తరగతి చదువుతుండేది.

కింది వాటాలో నూకరత్నం అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. వేసవి వచ్చిందంటే ఆవిడ రోజూ కుండెడు మజ్జిగ చిలికేది. ఉప్పు, అల్లం, ఇంత ఘుమఘుమలాడే ఆకు నలిపి వేసి, ఎండన పడి వెళ్లే వాళ్లని పిలిచి మరీ గ్లాసుల్లో పోసేది. పై వాటాకి మాత్రం అందరికంటే ముందే ఒక చెంబు వెళ్లేది. కస్తూరి ఆవిడని పిన్నిగారూ అని పిలిచేది. వకుళకైతే మామ్మగారంటే ప్రాణం.

ఒక ఏడాది చలికాలంలో పిఠాపురం దగ్గర పల్లెటూరి నుంచి కస్తూరి అన్నయ్య వచ్చాడు. చేతిలో సంచి ఉంది. సంచి నిండా నారింజకాయలు.

"మన దొడ్డి చెట్టు కొట్టేశారు కస్తూరీ. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఇక ఆ చెట్టు కాయలంటే ఇవే" అన్నాడు.

కస్తూరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చెట్టు కాయలతో వాళ్లమ్మ పులిహోర కలిపితే వీధి వీధంతా వాసన వచ్చేది. ఆ రోజు ఆవిడ కూడా నారింజ పులిహోరే చేసింది. రసం పిండుతుంటే గింజలు పళ్లెంలో కుప్పపడ్డాయి. పక్కనే కూర్చున్న వకుళ ఆ కుప్పని వేలితో కదిపి చూసింది.

"మావయ్యా, ఈ గింజలు పాతితే మళ్లీ ఆ చెట్టే వస్తుందా?" అని అడిగింది.

"నారింజ గింజ చాలావరకు తల్లి పోలికే వస్తుంది. కాపుకి మాత్రం ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అంత ఓపిక ఉందా నీకు?" అన్నాడు మేనమామ.

వకుళ సంగతేమో గాని, కస్తూరి గుండె ఆ మాటకి ఝల్లుమంది. పోయిన చెట్టు ఆ పళ్లెంలోనే ఉందన్నమాట. ఆవిడ చేతిలో పని అక్కడే వదిలేసి గింజలన్నీ ఏరింది.

తల్లీకూతుళ్లు ఇద్దరూ ఆ పూటే పనిలో పడ్డారు. గింజల జిగురు పోయేదాకా కడిగారు. నీళ్లలో వేస్తే కొన్ని మునిగాయి, కొన్ని తేలాయి. తేలినవి తాలు అని పారేశారు. నానిన గింజల మీద పొట్టు గోటితో మెల్లగా ఒలిచి, తడిబట్టలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టారు. ఎండిపోతే గింజ చచ్చిపోతుందని వకుళకి ఒకటే భయం. బడికి వెళ్లేముందు ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి మూత తీసి బట్ట తడి చూసేది.

ఒక ఉదయం మూత తీసిన పిల్ల కెవ్వుమంది. గింజ కొసన తెల్లగా, దారప్పోగంత వేరు.

ఆ రోజు బడికి ఆలస్యమైంది. పెరుగు కప్పులకి అడుగున చిల్లులు పెట్టాలి, ఇసుకా మట్టీ కలపాలి, పాత పేడ ఎరువు కలపాలి. నూకరత్నం తన జల్లెడ తీసుకొచ్చి మట్టి జల్లించి ఇచ్చింది. వేరు కిందికి ఉండేలా ఒక్కో గింజనీ కప్పులో పెట్టి, పైన పల్చగా మట్టి కప్పి, డాబా మీద పిట్టగోడ నీడన వరసగా పేర్చారు.

మట్టి పగిలి మొలకలు పైకి వచ్చిన రోజు మరీ సంబరం. వకుళ చెప్పుల్లేకుండా మెట్లన్నీ దిగి పరుగెత్తింది.

"మామ్మగారూ, ఒక గింజకి రెండు మొక్కలు వచ్చాయండి. ఒకే గింజకి. రండి, చూపిస్తాను."

నూకరత్నానికి మోకాళ్ల నొప్పులు. అయినా గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. కప్పు మీదికి వంగి చూసి, "కవల పిల్లలే అమ్మడూ. పురుడు పోసిన దానివి నువ్వు, పేర్లు కూడా నువ్వే పెట్టు" అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఎండలు ముదిరేనాటికి మొక్కలు జానెడు ఎత్తు ఎదిగాయి. ఆకులు నిగనిగలాడేవి. చిన్న చిన్న ముళ్లు కూడా వచ్చాయి. ఆకు నలిపి వాసన చూస్తే కస్తూరికి పుట్టిల్లు గుర్తొచ్చేది. అందుకే ఒక్క ఆకు కూడా కోయనిచ్చేది కాదు.

అలాంటిది, ఒక పొద్దున నీళ్లు పోయడానికి వెళ్లి చూస్తే చివరి కప్పులో మొక్కకి ఆకులు లేవు. బోడి కాడ మిగిలింది. మర్నాడు దాని పక్క మొక్క కూడా అలాగే అయింది. కస్తూరి కప్పులన్నీ పక్కకి జరిపి చూసింది. ఒక్క ఆకు కూడా కింద రాలి లేదు. రాలలేదంటే ఎవరో కోశారన్నమాట. డాబా మీదికి ఎవరొస్తారు? తాము వస్తారు, వడియాలు ఎండబెట్టుకోవడానికి నూకరత్నం వస్తుంది.

అనుమానం మొలవడానికి తడిబట్ట కూడా అక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజే కింది నుంచి మజ్జిగ చెంబు వచ్చింది. కస్తూరి గ్లాసులో పోసుకుని నోటి దగ్గర పెట్టుకుంది. ఘుమ్మని వాసన. గ్లాసు అక్కడే పెట్టేసి, బిందె తీసుకుని చరచరా మెట్లు దిగింది.

వీధి కుళాయికి నీళ్లు వచ్చే వేళ అది. నాలుగిళ్ల ఆడవాళ్లూ అక్కడే ఉన్నారు. నూకరత్నం బిందె కుళాయి కింద ఉంది.

"పిన్నిగారూ, మజ్జిగలో ఏం ఆకు వేశారు?" అని అడిగింది కస్తూరి.

"దబ్బాకు వేశానమ్మాయ్. బాగుందా?"

"మన వీధిలో దబ్బ చెట్టు ఎక్కడుంది?"

"వీధిలో లేదు. బజార్లో కరివేపాకు అమ్మే ఆవిడ తెచ్చిస్తుంది."

"అది దబ్బాకు కాదు, నారింజాకు. నా మొక్కలది. ఆ మాత్రం వాసన నాకు తెలీదా?"

ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు.

"నీ మొక్కల ఆకులు నేను కోశానంటావా అమ్మాయ్?" అంది నూకరత్నం నెమ్మదిగా.

"మీరు కాకపోతే డాబా ఎక్కేదెవరు? ఊరందరికీ పుణ్యానికి మజ్జిగ పోయడం బాగానే ఉంది. దానికి దొంగతనం చేసిన ఆకులు ఎందుకు?"

ముసలావిడ ముఖం పాలిపోయింది. సగం నిండిన బిందె చంకన పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇదంతా మెట్ల మీద నిలబడి విన్న వకుళ తల్లి కొంగు పట్టుకుంది. "మామ్మగారు కోస్తే ఆకుని తొడిమతో సహా కోస్తారు కదమ్మా. మన మొక్కలకి తొడిమలున్నాయి, ఆకులే లేవు" అంది.

"నీకేం తెలీదు, ఊరుకో" అంది కస్తూరి. ఆ సాయంత్రమే డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

మర్నాటి నుంచి పైకి మజ్జిగ రాలేదు. వీధిలో వాళ్లకీ పోయలేదు. కుండ బోర్లించి అరుగు మీద పెట్టి ఉంది. దాహంతో వచ్చినవాళ్లు ఆ కుండని చూసి వెళ్లిపోయేవారు. కుళాయి దగ్గర నూకరత్నం వస్తే ఆడవాళ్లు తమ చెంబులూ తపేలాలూ దగ్గరికి జరుపుకునేవారు. ఎదురింటి పిల్ల వెండి పట్టీ ఒకటి కనపడకుండా పోయింది. "ఆకులు కోసిన చెయ్యి పట్టీ తీయదని ఏముంది" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలీదు గాని, మాట మాత్రం వీధి దాటింది.

ఇక్కడ పైన తాళం వేసింది వేసినట్టే ఉంది. అయినా ఆకులు పోతూనే ఉన్నాయి.

"దొంగ తాళంచెవి చేయించి ఉంటుంది" అంది కస్తూరి.

శ్రీహరి అన్నం తింటున్నవాడు తలెత్తి చూశాడు. "మెట్లెక్కడానికే ఆయాసపడే మనిషి. తాళంచెవి చేయించి, తలుపు తీసి, నాలుగాకులు కోసుకుని, మళ్లీ తాళం వేసి వెళ్తుందా? నీ కళ్లతో చూశావా?" అన్నాడు.

కవల మొక్కలకి మాత్రం ఇంకా ఆకులు మిగిలి ఉన్నాయి. అవి కూడా పోతే పుట్టింటి చెట్టు ఇక లేనట్టే.

"రేపు ఆదివారం. ఇద్దరం కాపు కాద్దామమ్మా. దొంగని పట్టేద్దాం" అంది వకుళ.

తెలతెలవారుతుండగానే ఇద్దరూ డాబా ఎక్కారు. డాబా వైపు నుంచి గడియ పెట్టుకుని, నీళ్ల ట్యాంకు వెనక నక్కి కూర్చున్నారు. వకుళ ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదు. ఒక కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. వకుళ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాకి అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. ఒక ఉడుత పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇదేనేమో అనుకున్నారు. అది కప్పుల వంక కూడా చూడకుండా కొబ్బరిమట్ట మీదికి దూకింది. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు, తలుపు కదల్లేదు. ఎండ పిట్టగోడ దాటి కప్పుల మీదికి వచ్చింది.

"అమ్మా, కవల మొక్కకి మనం వచ్చినప్పుడు పై ఆకు నిండుగా ఉంది కదూ? ఇప్పుడు చూడు, సగమే ఉంది" అంది వకుళ గుసగుసగా.

కస్తూరి చూసింది. నిజమే. ఎవరూ రాలేదు, ఎవరూ ముట్టుకోలేదు. కళ్లెదురుగానే ఆకు సగమైపోయింది. ఇద్దరూ లేచి మునివేళ్ల మీద నడుచుకుంటూ కప్పు దగ్గరికి వెళ్లారు. ఆకు మీద కాకి రెట్ట తప్ప ఏమీ కనపడలేదు. నల్లగా, మధ్యలో తెల్లగా చిన్న మరక. వకుళ ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది.

"అమ్మా, రెట్ట నడుస్తోంది."

"రెట్ట నడవడమేమిటే?"

"నడుస్తోందమ్మా. నువ్వే చూడు."

కస్తూరి కూడా వంగింది. ఆ మరక మెల్లగా ముందుకి జరిగింది. ఆకు అంచుకి చేరింది. తల ఆడిస్తూ అంచు కొరకడం మొదలుపెట్టింది. అది పురుగు. రెట్ట వేషం వేసుకున్న పురుగు.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనపడసాగాయి. అదే కప్పులో రెండో మొక్క కాడకి అచ్చం ఆకు రంగులోనే, చిటికెన వేలంత లావున ఇంకో పురుగు అతుక్కుని ఉంది. ఇన్నాళ్లూ దాని మీదే నీళ్లు పోసినా కస్తూరి కంటికి ఆనలేదు. వకుళ చీపురుపుల్లతో దాన్ని మెల్లగా తాకింది. అది చటుక్కున తల వెనక్కి విరిచి, మెడలోంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచింది. ఘాటైన వాసన గుప్పుమంది. వకుళ రెండడుగులు వెనక్కి గెంతి, పకపకా నవ్వింది.

"దొరికాడమ్మా దొంగ. కొమ్ములు కూడా ఉన్నాయి వీడికి."

కస్తూరి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మామ్మగారు తియ్యలేదు" అంది వకుళ.

"తియ్యలేదు" అంది కస్తూరి.

ఇక ఆవిడకి కాలు నిలవలేదు. అప్పుడే కిందికి వెళ్లి నూకరత్నం తలుపు కొట్టింది. తలుపు తెరుచుకుంది. లోపల గిన్నెలు గోనెసంచిలో సర్ది ఉన్నాయి. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది.

"ఎక్కడికి పిన్నిగారూ?" అంది కస్తూరి కంగారుగా.

"ఇల్లుగలాయన కబురు పంపాడమ్మా. వీధిలో పేరు చెడింది, వాటా ఖాళీ చెయ్యమన్నాడు. రాజానగరంలో మా చెల్లెలి కూతురు ఉంది. దాని పంచకి పోతాను."

కస్తూరి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, "ఆకులు తిన్నవి పురుగులు పిన్నిగారూ. ఇప్పుడే చూశాను. నాదే తప్పు. మనసులో పెట్టుకోకండి" అంది.

నూకరత్నం చేతులు విడిపించుకుంది. కోపంగా కాదు, మెల్లగానే.

"ఇప్పుడు నా చెవిలో చెబుతున్నావు. బాగానే ఉంది. మరి ఆ రోజు దొంగ అన్నది నా చెవిలో కాదు కదమ్మాయ్" అంది.

ఆ మాట కస్తూరికి సూటిగా తగిలింది. బయట బిందెల చప్పుడు అవుతోంది. కుళాయికి నీళ్లు వచ్చాయి. అందరూ ఉంటారు. ఎదురింటావిడ ఉంటుంది. ఆదివారం కనక మగవాళ్లు కూడా అరుగుల మీద ఉంటారు. అందరి ముందూ తను నోరు జారానని చెప్పాలి. రేపటి నుంచి తన మాటంటే ఎవరికీ లెక్క ఉండదు. గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం తటపటాయించింది. వెనక్కి తిరిగి చూస్తే గోనెసంచి కనిపించింది.

కస్తూరి పరుగున డాబా ఎక్కింది. కవల మొక్కల కప్పుని రెండు చేతులా పట్టుకుని, వీధిలోకి వచ్చింది. కుళాయి గట్టు మీద కప్పు పెట్టింది.

"అందరూ ఒకసారి ఇటు రండి. నా ఆకుల దొంగ దొరికాడు" అంది గట్టిగా.

బిందెలు వదిలేసి ఆడవాళ్లు మూగారు. అరుగుల మీది వాళ్లు లేచి వచ్చారు. పిల్లలు కాళ్ల సందుల్లోంచి దూరారు. వెనకే వచ్చిన వకుళ పుల్లతో పచ్చపురుగుని తాకింది. అది ఎర్ర కొమ్ములు చాచింది. ముందు వరసలో వాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కి తుళ్లారు. ఒకటే నవ్వులు, ఒకటే తోపులాట. వెనకవాళ్లు మాకూ చూపించమని ఎగబడ్డారు.

గోల సద్దుమణిగాక కస్తూరి అసలు మాట చెప్పింది.

"ఈ పురుగు ఆకులే తిన్నది. నేను మాత్రం ఒక మనిషి పేరు తినేశాను. పిన్నిగారు నా మొక్కల మీద చెయ్యి వెయ్యలేదు. నేను చూడకుండానే చూసినట్టు చెప్పాను. ఇక్కడే నిలబడి దొంగ అన్నాను. ఇక్కడే నిలబడి చెబుతున్నాను, అది అబద్ధం."

ఎదురింటావిడ తల దించుకుంది. "నువ్వన్నావనే మేమూ అనుకున్నాం. పట్టీ ఎక్కడ పడిందో మాకే తెలీదు" అంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న నూకరత్నం పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంది. కస్తూరి అక్కడితో ఆగలేదు. అటునుంచి అటే ఇల్లుగలాయన వీర్రాజుగారింటికి వెళ్లింది. ఎదురింటావిడ కూడా చెప్పులేసుకుని వెంట నడిచింది. ఇద్దరూ కలిసి జరిగింది జరిగినట్టు చెప్పారు. వీర్రాజుగారు సాయంత్రం తనే స్వయంగా వచ్చి, "రత్నమ్మగారూ, నేనూ తొందరపడ్డాను. మీరు ఇక్కడే ఉండండి" అన్నారు.

"సంచి విప్పడానికి ఎవరైనా సాయం వస్తే ఉంటాను" అంది నూకరత్నం. వకుళ అప్పటికే సంచి మూతి విప్పుతోంది.

పురుగుల్ని ఏంచేయాలన్నది తర్వాతి ప్రశ్న. చంపేద్దామంది కస్తూరి. వద్దని వకుళ మొండికేసింది. చివరికి అన్నిటికంటే ఎక్కువ పాడైన మొక్క ఒక్కటి వాటికి వదిలేసి, మిగతా మొక్కల మీద దోమతెర గుడ్డ కప్పారు. కొద్దిరోజులకే బోడి కాడల మీద కణుపు కణుపునా లేత చిగుళ్లు వచ్చాయి. పచ్చపురుగు మాత్రం తిండి మానేసి, నడుముకి దారం కట్టుకుని కొమ్మకి వేలాడినట్టు నిలిచి, గట్టి గూడుగా మారిపోయింది.

ఒక ఉదయం వకుళ కేకకి కింది వాటా తలుపు కూడా తెరుచుకుంది. నూకరత్నం గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ముగ్గురూ చూస్తుండగా గూడు చిట్లింది. ముడతలు పడిన రెక్కలతో ఒక ప్రాణి బయటికి పాకింది. అక్కడే కొమ్మకి వేలాడుతూ మెల్లమెల్లగా రెక్కలు విప్పుకుంది. నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు, కింద ఎర్రటి బొట్లు. ఎండ తగలగానే సీతాకోకచిలుక ఒక్కసారి వణికి, పిట్టగోడ మీదుగా పైకి లేచింది. వకుళ దానితోపాటు డాబా అంతా పరుగెత్తింది.

"ఇంత అందమైనదాన్ని చంపేద్దామన్నాను" అంది కస్తూరి.

"అన్నావు. కానీ ఈసారి ఆగావు" అంది నూకరత్నం, ఆవిడ భుజం మీద చెయ్యి వేస్తూ.

కంటితో చూడకుండా ఎవరి మీదా నింద వేయకూడదు. పొరపాటున నలుగురిలో నింద వేస్తే, తప్పు ఒప్పుకోవలసింది కూడా ఆ నలుగురిలోనే.